మూలబడిన ల్యాప్‌టాపులు

2025 సంవత్సరము అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థవారు విండోస్ 10 అను తమ ఆపరేటింగ్ సిస్టమునకు పదియేండ్లుగా ఇచ్చుచు వచ్చిన ఉచిత సంరక్షణను విరమించిరి. ఆ దినమున ఏ ఇంటను ఏ యంత్రమును ఆగిపోలేదు. మరునాటి ఉదయమున మీట నొక్కగా అదే ల్యాప్‌టాపు అదే తెరతో మేలుకొనినది. కావున జరిగినదేమో చాలమందికి తెలియనే లేదు. జరిగినది ఇది: నాటినుండి ఆ వ్యవస్థలో ఏ లోపము బయటపడినను, దొంగలు ఏ సందు కనుగొనినను, దానిని పూడ్చు బాధ్యతను దాని కర్తలు వదలుకొనిరి. గృహస్థులకు కొన్ని షరతులపై మరియొక సంవత్సరము వెసులుబాటు కల్పించిరి. అది వాయిదాయే గాని పరిష్కారము కాదు.

అట్లయిన కొత్తదియగు విండోస్ 11ను తెచ్చుకొనరాదా యని ప్రశ్నింపవచ్చును. 2021లో వెలువడిన ఆ వ్యవస్థ తన గడప త్రొక్కుటకు కొన్ని అర్హతలను నిర్ణయించినది. టీపీఎం 2.0 అను భద్రతాంగము ఉండవలెను. ఇంటెల్ యంత్రమైనచో సామాన్యముగా ఎనిమిదవ తరము ప్రాసెసరు, అనగా 2017 ప్రాంతమునుండి వచ్చినది, ఉండవలెను. అంతకు ముందటి యంత్రము ఎంత చక్కగా పనిచేయుచున్నను దానికి అధికారికముగా ప్రవేశము లేదు. ఈ నియమము మూలమున లోకమున సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తపాలు కాగలవని కెనాలిస్ అను మార్కెట్టు పరిశోధన సంస్థ 2023 డిసెంబరులోనే అంచనా వేసినది. చెడిపోయిన వస్తువును పారవేయుట లోకసహజము. చెడని వస్తువును, దానిని కొనుక్కొన్నవాని ప్రమేయము లేకయే, ఎక్కడనో కూర్చున్నవారు పనికిమాలినదని తీర్మానించుట మాత్రము ఆలోచింపదగిన విషయము.

ఈ ఆలోచన మనకు దూరపుది కాదు. పిల్లవాని ఇంజనీరింగు చదువునకై పది పన్నెండు ఏండ్లక్రిందట ధాన్యము అమ్మి కొన్న ల్యాప్‌టాపు నేడు ఎన్ని ఇండ్లలో బీరువాపైన దుమ్ము కొట్టుకొనుచున్నదో పాఠకులే ఎరుగుదురు. పిల్లవాడు ఉద్యోగమునకై హైదరాబాదో బెంగుళూరో చేరినాడు, కొత్తది కొనుక్కొన్నాడు. పాతది తెరచినచో తెర వెలుగుటకే అయిదు నిమిషములు పట్టును. తరువాత మీట నొక్కిన పావుగంటకు గాని పలుకదు. "పాత ఒక రోత, కొత్త ఒక వింత" యను సామెత ఇచట అక్షరాల వర్తించుచున్నది. అయినను ఆ ఇంటనే పదవతరగతి చదువుకొను చిన్నపిల్ల పాఠములు చూచుటకు ఫోను చాలక కన్నులు నులుముకొనుచున్నది.

మా కార్యాలయమున 2012లో కొన్న ల్యాప్‌టాపు ఒకటి కలదు. నాలుగు గిగాబైట్ల ర్యాం, మూడవ తరము ప్రాసెసరు. గత సంవత్సరము దానిని ఒక దుకాణమునకు పంపగా, "ఇది తూకమునకు వేయవలసినదే; కొత్తది కొనుడు" అని జవాబు వచ్చినది. మరియొక దుకాణమువారు దొంగప్రతి విండోస్ ఎక్కించి ఇత్తుమని అభయమిచ్చిరి. మేము రెంటిని కాదని, ఒక యువకమిత్రుని సాయముతో దానిలో లైనక్స్ మింట్ అను వ్యవస్థను ప్రతిష్ఠించుకొంటిమి. ఈ పంక్తులు ఆ యంత్రముమీదనే వ్రాయబడుచున్నవి. కావున పుస్తకపరిచయముతోడనే గాక కొంత అనుభవముతోడను ఈ విషయమును పాఠకుల ముందుంచుచున్నాము.

లైనక్స్ అననేమో కొందరికి చెప్పవలసియుండును. 1983లో అమెరికాయందు రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రాజ్ఞుడు, ఎవ్వరైనను వాడుకొనుటకును, విప్పి చూచుటకును, సవరించుటకును, పదిమందికి పంచుటకును స్వేచ్ఛగల వ్యవస్థను నిర్మింప సంకల్పించి గ్నూ అను పేర పని ఆరంభించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటరుకొరకు ఒక కెర్నెలును, అనగా వ్యవస్థకు గుండెకాయను, వ్రాసి లోకమునకు చూపెను. మరుసటి సంవత్సరము దానిని గ్నూవారి లైసెన్సుక్రింద వదలెను. ఈ రెంటి కలయికయే నేటి లైనక్స్. ఆ గుండెకాయను తీసికొని, తమకు నచ్చిన తెరను, పరికరములను చేర్చి ఎవరికివారు పంపిణీ చేయుచున్నారు. డెబియన్, ఉబుంటు, మింట్, పప్పీ మున్నగునవి ఇట్టి పంపిణీల పేర్లు. వెల లేదు, లైసెన్సు తాళము లేదు.

చిక్కు ఇచటనే ఆరంభమగుచున్నది. పంపిణీలు వందలకొలది. "పాతదానికి ఏది మంచిది?" అని నలుగురిని అడిగిన నాలుగు పేర్లు చెప్పుదురు, ప్రతివాడును తనదే అన్నిటికంటె తేలిక యనును. ఈ తేలిక యను మాటనే మేము మొదట పరీక్షింపగోరుచున్నాము. ఎద్దును చూడకయే కాడి కొనువాడుండునా? ఎద్దు వయస్సు, మెడ బలము, దున్నవలసిన నేల, ఈ మూడును చూచియే సేద్యగాడు కాడిని ఎంచును. అట్లే ఇచటను అడుగవలసిన ప్రశ్నలు మూడు: యంత్రమునకు ఎంత శక్తి యున్నది? దానితో చేయవలసిన పని యేది? వాడువా రెవరు, వారికి అండ యెవరు? ఈ మూటికి జవాబు తెలిసిన పిమ్మట పేరు దానంతట అదియే తేలును.

యంత్రపు శక్తిని గూర్చి మొదట చూడవలసినది అది 32 బిట్లదా, 64 బిట్లదా యనునది. 2006 తరువాత వచ్చిన కోర్ 2 డుయో మొదలు ల్యాప్‌టాపులలో పెక్కు 64 బిట్లవే. అయితే 2008 ప్రాంతమున చవుకగా అమ్ముడుపోయిన చిన్న నెట్‌బుక్కులలోని ఆటమ్ ఎన్270 వంటి ప్రాసెసర్లు 32 బిట్లవి. ఇచట ఒక మోసము కలదు. ప్రాసెసరు 64 బిట్లదైనను అందులో 32 బిట్ల విండోస్ ఎక్కించియుండవచ్చును. కావున విండోస్ సెట్టింగులలో సిస్టమ్ అను భాగమున "అబౌట్" అనుచోట చూచునపుడు, వ్యవస్థ యెన్ని బిట్లదను మాటను విడిచి ప్రాసెసరు ఎన్ని బిట్లదను మాటను చదువవలెను. "ఎక్స్64" అని యున్నచో నిశ్చింతగా నుండవచ్చును.

ఈ భేద మేల ముఖ్యమనగా, 32 బిట్ల యంత్రములకు లైనక్స్ లోకముననుకూడ తలుపులు ఒక్కొక్కటిగా మూసికొనిపోవుచున్నవి. గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు 2016లోనే 32 బిట్ల లైనక్స్‌ను విడిచినది. ఉబుంటు 2017లో అట్టి ప్రతులను తన ప్రధాన పంపిణీలో మానినది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వానికి కెర్నెలును గాని స్థాపనపు ప్రతిని గాని ఇచ్చుట లేదు. అదే సంవత్సరము అక్టోబరులో వచ్చిన 144వ కూర్పు తరువాత ఫైర్‌ఫాక్స్ సాధారణ శాఖయు ఆ యంత్రములను వీడినది. అంతకు ముందటిదగు డెబియన్ 12కు 2028 జూను వరకు దీర్ఘకాల సంరక్షణ కలదు. దానిపై ఆధారపడిన యాంటీఎక్స్ 23 వంటి పంపిణీలలో 32 బిట్ల ప్రతి లభించును. కావున అట్టి యంత్రము గలవారు దానిని బ్యాంకు పనులకు ఉపయోగింపక, వ్రాతకు, చదువుటకు, పాటలు వినుటకు ఉంచుకొనుట మేలు.

రెండవది ర్యాం. హార్డు డిస్కు బీరువా వంటిదైన, ర్యాం కాగితములు పరచుకొను బల్ల వంటిది. బల్ల చిన్నదైనచో గుమాస్తా యెంత చురుకైనను ప్రతి కాగితమునకు బీరువాకడకు లేచి పోవలసినదే. పాత ల్యాప్‌టాపు నత్తనడకకు ప్రధానకారణము ఈ రాకపోకలే. తేలికయైన లైనక్స్ చేయునది యేమనగా, తనకొరకు బల్లపై ఆక్రమించుకొను చోటును తగ్గించుకొనుట. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అను తెరలు ఇందుకై పుట్టినవే. ఫ్లక్స్‌బాక్స్, ఐస్‌డబ్ల్యుఎం అనునవి ఇంకను పొదుపరులు.

అయితే పాఠకులు భ్రమపడకుండుటకై ఒక నిజము స్పష్టముగా చెప్పవలసియున్నది. నేడు బల్లను నింపివేయునది వ్యవస్థ కాదు, బ్రౌజరు. వ్యవస్థ ఎంత పొదుపు చేసినను, వీడియోలతోను ప్రకటనలతోను నిండిన పుటలు నాలుగైదు తెరచునప్పటికి ఆ పొదుపంతయు హరించిపోవును. ఏ పంపిణీని ఎక్కించినను అదే బ్రౌజరు, అవే పుటలు. కాబట్టి అత్యంత లఘువైన వ్యవస్థకై ఊరూర వెదకుటకంటె, ఒకేసారి రెండు పుటలకు మించి తెరవకుండుటయు, ప్రకటనలను అడ్డు పరికరము నొకదానిని బ్రౌజరునకు తగిలించుటయు ఎక్కువ ఫలమిచ్చును. జెడ్‌ర్యాం అను సదుపాయమునుకూడ వాడుకొనవచ్చును. అది బల్లపైని కాగితములను మడచి సర్దుటవంటిది, ఉన్న చోటుననే మరికొన్ని పట్టును.

ఇక మా సలహా. 64 బిట్ల ప్రాసెసరును, నాలుగు గిగాబైట్లు లేక అంతకు మించిన ర్యామును ఉన్నచో లైనక్స్ మింట్ వారి ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పును ఎంచుకొనుడు. రెండు గిగాబైట్లు కనీసము, నాలుగు సుఖమని ఆ పంపిణీవారే చెప్పుచున్నారు. విండోస్ ఎరిగినవానికి దాని తెర కొత్తగా తోచదు. రెండే గిగాబైట్లున్నచో లుబుంటును గాని, ఎంఎక్స్ లైనక్స్ వారి ఫ్లక్స్‌బాక్స్ కూర్పును గాని, ఎల్‌ఎక్స్‌క్యూటీతో కూడిన డెబియనును గాని చూడుడు. ఒక గిగాబైటు మాత్రమే యున్నచో యాంటీఎక్స్ తగినది. హార్డు డిస్కే చెడిపోయినచో పప్పీ ఉన్నది. 2003లో ఆస్ట్రేలియా వాస్తవ్యుడు బారీ కాలర్ ఆరంభించిన ఈ పంపిణీ పెన్‌డ్రైవునుండి లేచి తాను పూర్తిగా ర్యాములోనే కూర్చుండి పనిచేయగలదు. కాని సామాన్యముగా అది వాడువానికి సర్వాధికారములు ముందే అప్పగించును గనుక, ధనవ్యవహారములకు దానిని మేము సిఫారసు చేయము. టైనీకోర్ అను ఇరువది మెగాబైట్ల వింతయు కలదు. అది నేర్చినవారికి ముచ్చటయే గాని గృహస్థునకు ఉపయోగము కాదు.

వ్యవస్థను మార్చుటతోపాటు, చేతనైనచో, తిరుగుడు హార్డు డిస్కును తీసివేసి ఎస్‌ఎస్‌డీని అమర్చుకొనుడు. గుమాస్తా బీరువాకు నడచుటకు మారుగా చేతికందు దూరముననే బీరువా వచ్చి నిలిచినట్లగును. మా యంత్రమున మేము చూచినది చెప్పవలెననిన, మింట్ వలన కలిగిన సుఖముకంటె ఎస్‌ఎస్‌డీ వలన కలిగినదే ఎక్కువ. ఇది చెప్పకుండ లైనక్స్ మహిమను మాత్రము వర్ణించుట సత్యము కాదు.

రెండవ ప్రశ్న పని. ఉత్తరములు వ్రాయుట, లెక్కల పట్టీలు, పీడీఎఫ్ పుస్తకములు, పిల్లల పాఠములు, ఈమెయిలు, రైలు టిక్కెట్లు, మీభూమిలోనో భూభారతిలోనో అడంగలు పహాణీలు చూచుకొనుట, ఇవన్నియు బ్రౌజరుతోను, ఉచితమగు లిబ్రెఆఫీసుతోను జరిగిపోవును. కాని అన్నియు జరుగునని చెప్పుట ఉత్సాహమగును గాని హితము కాదు. వర్తకులు వాడు ట్యాలీ విండోస్‌కొరకు చేయబడినది. మన ముద్రణాలయములలో ఏండ్లుగా వేళ్లూనిన అను స్క్రిప్టు, పేజ్‌మేకరు జంటయు అట్టిదే. ఆ లిపిలో కూర్చిన పాత ప్రతులు యూనికోడునకు మార్చినగాని లైనక్స్‌లో చదువ వీలుపడదు. పన్నుల దాఖలాకు వాడు డిజిటల్ సంతకపు టోకెన్లు కొన్ని లైనక్స్‌లో పనిచేయును, కొన్ని మొండికెత్తును. ఇట్టి పనులే ముఖ్యమైనవారు ఆ పనికొక యంత్రమును వేరుగా ఉంచుకొని, మిగిలినవానిని మాత్రమే మార్చుకొనవలెను. ఒక్క మొండి పనికొరకు ఇంటిలోని అన్ని యంత్రములను పారవేయ నక్కరలేదు. మూడు యంత్రములు లైనక్స్ నడచుచున్నవని నాలుగవదానిని బలవంతపెట్టనూ నక్కరలేదు.

తెలుగు మాట యేమని అడుగుట న్యాయము. యూనికోడు తెలుగు లైనక్స్‌లో చక్కగా కనబడును. లోహిత్, పోతన, వేమన మొదలగు లిపులు డెబియన్ భాండారమునందే కలవు. ఐబస్ అను పరికరము ద్వారా ఇన్‌స్క్రిప్టు అమరికనుగాని, ఆంగ్లాక్షరములతో తెలుగు పలుకు అమరికనుగాని ఏర్పరచుకొనవచ్చును. ఈ మార్గమున మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చెన్నపట్టణమున సీడాక్ వారు డెబియన్ ఆధారముగా బాస్ అను వ్యవస్థను 2007లో వెలువరించిరి. అది భారతీయ భాషలను దృష్టియందుంచుకొన్నది. హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగు తెరలతో ఒక పంపిణీనే కూర్చిరి. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు బోధన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై నడచుచున్నది. అచట సాధ్యమైనది ఇచట అసాధ్యమనుటకు కారణము మాకు కానరాదు.

మూడవ ప్రశ్న వాడువారిది. యంత్రము మీ తండ్రిగారికొరకైనచో, మీకు నచ్చినదానిని గాక, మీరు ఊరిలో లేనపుడు ఆయనకు సాయపడగల ప్రక్కింటి కుర్రవాడెరిగినదానిని ఎక్కించుడు. అందరికంటె తేలికయై ఎవ్వరికిని తెలియని పంపిణీకంటె, కొంచెము బరువై పదిమంది ఎరిగినదే మేలు. పంపిణీ ఆయువునుకూడ విచారింపుడు. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 వరకు సంరక్షణ కలదు; అదే సంవత్సరపు లుబుంటు దీర్ఘకాలపు కూర్పునకు మూడేండ్లు మాత్రమే. ఆయువు తీరిన లైనక్స్‌ను వాడుట ఆయువు తీరిన విండోస్‌ను వాడుటకంటె ఏమాత్రమును వివేకము కాదు.

ఎంచుకొన్న పిదప తొందరపడి ఎక్కింపరాదు. లైనక్స్‌లోని గొప్ప సుగుణము, పెండ్లికి ముందే కాపురము చూడనిచ్చుట. ప్రతిని దాని సొంత తావునుండియే దించుకొని, అచట ప్రకటించిన సంఖ్యతో సరిచూచి, రూఫస్ గాని ఎచ్చర్ గాని వాడి ఎనిమిది గిగాబైట్ల పెన్‌డ్రైవునకు ఎక్కింపుడు. మీట నొక్కిన వెంటనే ఎఫ్12 గాని, ఎఫ్2 గాని, ఎస్కేప్ గాని, తయారీదారునిబట్టి, నొక్కినచో యంత్రము పెన్‌డ్రైవునుండి లేచును. హార్డు డిస్కును ముట్టకయే ఒకటి రెండు దినములు వాడి చూడవచ్చును. వైఫై కలియుచున్నదా, శబ్దము వినవచ్చుచున్నదా, మూత మూసి తెరచినచో మేలుకొనుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా యని పరీక్షింపుడు. పెన్‌డ్రైవునుండి కొంత మందముగా నడచును. దానినిబట్టి నిరాశ చెందవలదు. బ్రాడ్‌కామ్ వారి వైఫై చిప్పులున్న పాత యంత్రములు మొదట మొరాయించును; అప్పుడు ఫోనును తీగతో తగిలించి దానినుండి ఇంటర్నెట్టు తీసికొన్నచో కావలసిన డ్రైవరును దించుకొనవచ్చును.

ఈ సందర్భమున మా తప్పునుకూడ ఒప్పుకొనవలెను. మొదటి యంత్రము చక్కబడిన సంతోషమున రెండవదానికి మేమే పూనుకొంటిమి. స్థాపన జరుగుచుండ "డిస్కును తుడిచివేసి ఎక్కింపుమందువా?" అని అది అడుగగా, మాలో ఒకరు చదువకయే ఔనని నొక్కిరి. నాలుగేండ్ల ఛాయాచిత్రములును, పరలోకగతుడైన ఒక మిత్రుని కంఠధ్వనియు అందుండెను. అవి మరల రాలేదు. యంత్రము నేటికిని పరుగెత్తుచున్నది. దానిని తెరచినప్పుడెల్ల ఆ కంఠము జ్ఞప్తికి వచ్చును. కావున చేతులు జోడించి మనవి చేయుచున్నాము: ముఖ్యమైన దస్త్రములను రెండు వేర్వేరు డిస్కులకు ఎక్కించి, ఆ ప్రతులు తెరచుకొనుచున్నవని కండ్లార చూచిన పిమ్మటనే స్థాపన మీటపై చేయి వేయుడు. యంత్రము దొరకును, జ్ఞాపకము దొరకదు.

ఆక్షేపణలు రెండు తరచుగా వినవచ్చును. ఉచితముగా వచ్చునది నాసిరకమనుట మొదటిది. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను బుద్ధియే ఇది. ఆ ఆక్షేపణ చేయువారి జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లైనక్స్ కెర్నెలుపైననే నడచుచున్నది. లోకమున అత్యంతవేగముగల అయిదువందల సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరునుండి అన్నియు లైనక్స్‌వే. వెల లేనంత మాత్రమున విలువ లేదనుట తగదు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. "విండోస్ పాతవానిని వదలినదని నిందింతురు, లైనక్సును వదలుట లేదా? 32 బిట్లకు తలుపులు మూసికొనుచున్నవని మీరే చెప్పితిరిగదా?" అందురు. నిజమే. టోర్వాల్డ్స్ 1991లో ఏ 386 ప్రాసెసరుకొరకు తన కెర్నెలును వ్రాసెనో, ఆ 386నే 2012 డిసెంబరులో అదే కెర్నెలునుండి తొలగించిరి. యంత్రము ఏదియు చిరంజీవి కాదు. కాని భేదము ఇది: ఒకచోట కర్త వదలినచో కథ ముగిసినది, తాళపుచెవి ఆయనయొద్దనే యుండును. మరియొకచోట కర్త వదలినను, వ్రాత బహిరంగమైనది గనుక, ఓపికగల మరి నలుగురు దానిని ఎత్తుకొనవచ్చును. పెద్ద పంపిణీలు విడిచిన యంత్రములను యాంటీఎక్స్, పప్పీ మొదలగు చిన్న బృందములు ఏండ్లతరబడి మోసికొని వచ్చుట ఇందుకు నిదర్శనము. యంత్రము ఎప్పుడు చాలించవలెనను నిర్ణయము ఇచట ఒక్క సంస్థ చేతిలో లేదు. సొంతము అను మాటకు అర్థమిదియే గదా.

కర్తవ్యము వ్యక్తులతో ముగియునది కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల గణన ప్రకారము 2022లో లోకమున పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందు సక్రమముగా సేకరింపబడి పునరుపయోగమునకు వచ్చినట్లు లెక్కకు దొరకినది నూటికి 22.3 పాళ్లు మాత్రమే. మిగిలినదానిలో కొంతయైనను మన పట్టణముల అంచులలో తీగలు కాల్చి రాగి ఏరుకొను పేదల ఊపిరితిత్తులలోనికే చేరుచున్నది. ఒక ల్యాప్‌టాపు మరి నాలుగేండ్లు పనిచేసినచో ఆ భారము అంతమేరకు వాయిదా పడును. దానికంటె ముఖ్యము, ఒక పిల్లకు చదువు అందును.

కావున మా సూచన స్పష్టము. ప్రతి పట్టణమున గ్రంథాలయముగాని ఉన్నతపాఠశాలగాని నెలకొక ఆదివారము ఒక గది ఇచ్చుగాక. ఇండ్లలో మూలబడిన ల్యాప్‌టాపులను జనులు అచటికి తెచ్చుగాక. ఇచ్చువారు తమ దస్త్రములను ముందుగా తీసికొని డిస్కును తుడిపించి యిత్తురుగాక. ఇంజనీరింగు విద్యార్థులు నలుగురు ఎదురుగ కూర్చుండి, ప్రాసెసరును ర్యామును చూచి, పైన చెప్పిన రీతిని తగిన వ్యవస్థను ఎక్కించి, వాడువానికి అరగంట నేర్పి పంపుదురుగాక. నాలుగేండ్లు పుస్తకములందు చదివిన ఆపరేటింగ్ సిస్టమును వారు చేతితో తాకి చూచుట అదియే మొదటిసారి కావచ్చును. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, చందాలు అక్కరలేదు. కావలసినవి నాలుగు పెన్‌డ్రైవులు, ఒక పొడుగుబల్ల, కొంత ఓపిక.

ఈ వారమే బీరువాపైని ల్యాప్‌టాపును దించి దుమ్ము దులుపుడు. దానిని అమ్మివేయుటకు ముందు ప్రాసెసరు ఎన్ని బిట్లదో, ర్యాం ఎంతయో ఒక కాగితముపై వ్రాసికొనుడు. నిజముగా పనికిరానిదని తేలినచో పారవేయవచ్చును. ఆ తీర్పు మాత్రము మీరే పరీక్షించి మీరే ఇచ్చుకొందురుగాక యని కోరుచున్నాము.